అమెరికన్ అబ్బాయితో తెలుగు పెళ్లి: కొవ్వొత్తీ ఇసుకా ఎందుకు, జీలకర్ర బెల్లం ఉండగా?

అడిగిన ప్రశ్న ఇది: “మా అమ్మాయి పెళ్లి వచ్చే ఏడాది టెక్సస్‌లో. అబ్బాయి అమెరికన్, క్రైస్తవ కుటుంబం. పెళ్లి మన పద్ధతిలోనే. కానీ రెండు కుటుంబాలు ఒకటయ్యాయని అందరికీ తెలిసేలా ఏదో ఒక తంతు కలపమంటున్నారు. కొవ్వొత్తి వెలిగించడమా, రంగు ఇసుక పోయడమా, చేతులకు తాడు కట్టడమా? ఏది బాగుంటుంది?”

కొత్తగా ఏదీ కలపకండి. మీరు వెతుకుతున్న తంతు మీ పెళ్లిలో ఇప్పటికే ఉంది. జీలకర్ర బెల్లం. దాన్ని నూరడానికి అబ్బాయి తల్లిని మీ పక్కన కూర్చోబెట్టుకోండి, అంతే. మా చెల్లి పెళ్లి దగ్గరుండి చేయించినవాణ్ణి, నేను చూసిందే చెబుతున్నాను.

పెళ్లి డాలస్ దగ్గర, చెరువు గట్టున ఉన్న ఒక హాల్లో. బావ వాళ్లది శాన్ ఆంటోనియో. వాళ్లమ్మగారు స్కూలు టీచరుగా చేసి రిటైరయ్యారు, మెథడిస్టు చర్చికి వెళ్తారు. మన పద్ధతి దేనికీ అడ్డు చెప్పలేదావిడ. పెళ్లికొడుకు గడప దాటగానే కాళ్లు కడగడం దగ్గర్నించి అన్నిటికీ సరేనన్నారు. అడిగింది ఒక్కటే, యూనిటీ క్యాండిల్ పెట్టాలని. తన పెళ్లిలో వెలిగించిన కొవ్వొత్తి ఇప్పటికీ ఇంట్లో అద్దాల బీరువాలో దాచుకున్నారట.

చిక్కు హాలుతో వచ్చింది. లోపల నిప్పు అంటేనే వాళ్లు భయపడతారు. హోమానికే ఫైర్ మార్షల్ అనుమతి తెచ్చుకోమన్నారు, హోమగుండం ఎంత వెడల్పో కూడా అడిగారు. మండపమేమో బయట పచ్చిక మీద. చెరువు గాలికి కొవ్వొత్తి నిలవదు. అప్పుడు ప్లానరు ఇసుక కిట్టు చూపించింది. ఒక గాజు గిన్నెలో తెల్ల ఇసుక, ఇంకోదాంట్లో నీలం ఇసుక, ఇద్దరూ కలిపి పోయడానికి పేర్లు చెక్కిన సీసా. ఆవిడ చెప్పిన కారణాలన్నీ గాలి గురించీ ఫోటోల గురించే. అక్కడే నాకు మనసు విరిగింది. గాలికి ఆరిపోదని ఎంచుకున్న వస్తువు పెళ్లికి గుర్తు ఎలా అవుతుంది?

మా అమ్మ ఇవన్నీ విని ఫోన్ కలపమంది. ఆమెకు ఇంగ్లీషు కొంచెమే వచ్చు, మధ్యలో నేను చెప్తూ ఉన్నాను. మొదటి రోజు నుంచీ బావ వాళ్లమ్మని “వదినగారూ” అనే పిలుస్తుంది అమ్మ, వియ్యపురాళ్లు పిలుచుకున్నట్టే. ఆవిడ కూడా ఆ మాట నేర్చుకుని అమ్మని అలాగే పిలవడం మొదలుపెట్టారు.

అమ్మ అడిగింది: “వదినగారూ, ఆ కొవ్వొత్తిని మొదట ఎవరు ముట్టిస్తారు?”

ముందు ఇద్దరి తల్లులూ వెళ్లి, అటూ ఇటూ ఉన్న రెండు సన్న కొవ్వొత్తులు వెలిగిస్తారట. ఆ తర్వాత పెళ్లికూతురూ పెళ్లికొడుకూ వాటితో నడిమధ్య ఉన్న పెద్దదాన్ని వెలిగిస్తారు. ఆవిడ పెళ్లి రోజున వాళ్లమ్మ చెయ్యి వణికి, రెండోసారికి గానీ అంటుకోలేదట. ఆ తర్వాత కొద్ది కాలానికే ఆ తల్లి పోయారు. ఇది చెప్పేటప్పుడు బావ వాళ్లమ్మ గొంతు మారింది.

ఫోన్ పెట్టేశాక అమ్మ నాతో అంది: “ఆవిడకి కావలసింది కొవ్వొత్తి కాదురా. కొడుకు పెళ్లిలో తన చెయ్యి పడాలి. జీలకర్ర బెల్లం ఆవిడ చేతే నూరిద్దాం.”

ఇంట్లో గొడవ లేకుండా అయిందనుకోకండి. ముత్తైదువలే నూరాలి, అదీ మనవాళ్లే నూరాలి అని మా పెద్దత్తయ్య పట్టుబట్టింది. “ఆవిడ ముత్తైదువ కాదా? ఆయన పక్కనే ఉన్నాడుగా” అంది అమ్మ. పంతులుగారిని అడిగితే ఆయన ఒక్క మాటలో తేల్చేశారు: “నూరే చేతికి గోత్రం అడగరమ్మా.”

ఆ ముత్తైదువ లెక్క గురించి కూడా ఒక మాట అనకుండా ఉండలేను. రేపు మీ వియ్యపురాలు భర్తను పోగొట్టుకున్నావిడ అయినా సరే, ఆవిడ చేతే నూరించండి. వీరేశలింగంగారు 1881 డిసెంబరులో రాజమండ్రిలో వితంతు వివాహం జరిపించారు. ఇన్నేళ్లు గడిచినా, కన్నబిడ్డ పెళ్లిలో తల్లి వెనక వరసలో కూర్చుని చూడాలంటే నాకు కోపం వస్తుంది. మా పిన్ని తన కూతురి పెళ్లిలో అలాగే కూర్చుంది. మండపం మీదికి రమ్మని పిలిచినవాళ్లు లేరు. ఆ పెళ్లి ఫోటోలు ఇప్పటికీ నేను పూర్తిగా చూడలేను.

సరే, నూరిన రోజు సంగతి చెబుతాను. పెళ్లి తెల్లవారుజామున మా వంటింట్లో నేల మీద చాప పరిచి చిన్న రోలు పెట్టాం. బావ వాళ్లమ్మ చీర కట్టుకోవడానికి ముందే వచ్చేశారు. అమ్మ ఒక పక్క, ఆవిడ ఒక పక్క. జీలకర్ర రోట్లో వేసి నాలుగు పోట్లు పడేసరికి వాసన లేచింది. ఆవిడ పొత్రం ఆపి, “ఇది మా చిల్లీలో వేసేదే కదా!” అన్నారు. టెక్సస్‌వాళ్ల చిల్లీ, ఆ మాంసం కూర, జీలకర్ర లేకపోతే చిల్లీయే కాదు. 1977లో దాన్ని రాష్ట్ర వంటకంగా కూడా ప్రకటించుకున్నారు. వాళ్ల నాన్నమ్మ ఇనప పెనం మీద జీలకర్ర వేయించి దంచేదట. నిజానికి నాక్కూడా ఆ రోజే తట్టింది. ఈ పెళ్లిలో రెండిళ్ల పోపుడబ్బాల్లోనూ ఉన్న దినుసు అదొక్కటే.

బెల్లం తురిమి వేశాక అసలు పని మొదలవుతుంది. మెత్తగా, జిగటగా రావాలి. నీళ్లు పడితే నుదుటి మీదికి కారుతుంది, పొడిగా ఉంటే మంత్రం పూర్తయ్యేలోపు రాలిపోతుంది. అమ్మ వేలితో తీసి చూపించింది, ఆవిడ మళ్లీ నూరారు. ఇద్దరికీ ఉమ్మడి భాష లేదు. “ఇంకొంచెం”, “చాలు” అనే రెండు మాటలతో నడిచిపోయింది. చివర్లో ముద్ద చేసి తమలపాకుల్లో పెట్టింది ఆవిడే. మా పెద్దత్తయ్య గుమ్మంలో నిలబడి కాసేపు చూసి, తనే వెళ్లి ఆవిడకి చెయ్యి తుడుచుకునే గుడ్డ తెచ్చి ఇచ్చింది.

ముహూర్తానికి అడ్డుతెర ఒక అంచు మా బాబాయి పట్టుకున్నాడు, రెండో అంచు బావ వాళ్ల నాన్నగారు. మీ పెళ్లిలో ఇది తప్పకుండా చేయండి. ఊరికే కుర్చీలో కూర్చున్న మనిషికీ తెర అంచు పట్టుకున్న మనిషికీ చాలా తేడా ఉంటుంది. పంతులుగారు గడియారం చూస్తూ మంత్రం చదువుతుంటే మా వియ్యంకులు కూడా ఊపిరి బిగబట్టి తన గడియారం చూసుకుంటున్నారు. గట్టిమేళం మోగగానే ఇద్దరూ ఒకరి తల మీద ఒకరు జీలకర్ర బెల్లం పెట్టారు, తెర దిగింది. మొదటిసారి ఒకరినొకరు చూసుకున్నారు. శాన్ ఆంటోనియో నుంచి వచ్చినవాళ్లకి మంత్రం ఒక్క ముక్క అర్థం కాలేదు. కానీ ఆ ముద్ద పొద్దున ఎవరు నూరారో వాళ్ల వరసల్లో అందరికీ తెలుసు. బావ వాళ్ల అమ్మమ్మ చెల్లెలు పక్కావిడ చెయ్యి పట్టుకుని, “అది మనమ్మాయి చేసిందే” అని చెప్తోంది. ఇసుక సీసాతో ఇది జరిగేది కాదని గట్టిగా చెప్పగలను.

ఇక్కడే నాకు ఫోటోగ్రాఫర్ల మీద ఉన్న కోపం కూడా చెప్పుకోవాలి. సరిగ్గా ఆ క్షణానికి ముగ్గురు మండపం ఎక్కేశారు. వెనక కూర్చున్న నూరుమందికి కనిపించింది వాళ్ల వీపులే. పెళ్లికి వచ్చినవాళ్లు చూడాల్సిన క్షణం ఒకటుంటే, అది ఇదే. తాళి కట్టేటప్పుడు ఎన్నయినా తీసుకోండి, తలంబ్రాలప్పుడు డ్రోను ఎగరేసుకోండి. జీలకర్ర బెల్లం పెట్టేటప్పుడు మాత్రం మండపం మీద కెమెరా ఉండకూడదని ముందే రాయించుకోండి. తలంబ్రాల్లో థర్మోకోల్ ఉండలు పోయడం, పొగ వదలడం, “ఇంకోసారి పెట్టండి, సరిగ్గా పడలేదు” అని ముహూర్తం దాటాక మళ్లీ పెట్టించడం, ఇవి చూస్తుంటే నా కడుపు మండుతుంది. ముహూర్తానికి రెండో టేక్ ఏమిటి?

రెండో కోపం వాట్సాప్ సైన్సు మీద. జీలకర్ర, బెల్లం కలిస్తే విద్యుదావేశం పుడుతుందనీ, బ్రహ్మరంధ్రం గుండా ఒకరి మనసు ఇంకొకరిలోకి ప్రవహిస్తుందనీ ఒక సందేశం తిరుగుతోంది. అతిథులకిచ్చే కరపత్రంలో దాన్ని అచ్చేయించకండి. కలిపి నూరాక ఏది జీలకర్రో ఏది బెల్లమో విడదీయలేరు, కారమూ తీపీ కలిసే ఉంటాయి. ఈ రెండు ముక్కలు చెబితే ఎవరికైనా అర్థమవుతుంది, అబద్ధమూ ఉండదు. మా పంతులుగారు ఈ రెండు ముక్కలూ ఇంగ్లీషులో చెప్పి ఆ తర్వాత మంత్రం చదివారు. వివరించి చెబితే పెళ్లి పవిత్రత పోతుందనేవాళ్లు మా బంధువుల్లో కూడా ఉన్నారు. మాది తెనాలి వైపు. త్రిపురనేని రామస్వామి చౌదరిగారు పెళ్లి మంత్రాలు తెలుగులోనే ఉండాలని వివాహ విధి రాసిన ప్రాంతం. మా తాతయ్య పెళ్లి ఆ పద్ధతిలోనే జరిగింది. తాతయ్య, నాన్నమ్మల కాపురానికి ఏ లోటూ రాలేదు.

మిగతా తంతులన్నీ పనికిరానివని నేననను. ఇసుకకి ఒక చోటుంది. పెళ్లి చేసుకునేవాళ్లకి ముందు పెళ్లి పిల్లలుంటే, ఆ పిల్లలు కూడా తమ రంగు ఇసుక తెచ్చి పోస్తారు. మా పక్కింటివాళ్ల పెళ్లిలో ఆరేళ్ల పాప అలా పోసింది. అక్కడ ఇసుక తప్ప మరేదీ అంత బాగా కుదిరేది కాదు. అబ్బాయి ఫిలిపినో అయినా, మెక్సికన్ అయినా వాళ్లకే లాసో ఉంది. జంట భుజాల మీదుగా ఎనిమిది అంకె ఆకారంలో తాడో జపమాలో వేస్తారు. దాని పక్కనే మన బ్రహ్మముడి వేస్తే ఎవరికీ ఏదీ వివరించాల్సిన పని ఉండదు. కేరళ సిరియన్ క్రైస్తవులైతే పెళ్లికొడుకు వైపువాళ్లిచ్చే మంత్రకోడి చీర నుంచి తీసిన దారాలతో మిన్ను, అంటే వాళ్ల తాళి, కడతారు. ఆ ఇంటి పిల్లని చేసుకుంటూ ఇంకో గుర్తు వెతకడం అనవసరం. చీపురు దాటే తంతు మాత్రం అందంగా ఉంది కదా అని తెచ్చుకోకండి. చట్టం పెళ్లి హక్కే ఇవ్వని బానిసత్వపు రోజుల్లో నల్లజాతి అమెరికన్లు నిలబెట్టుకున్న గుర్తు అది. ఆ కుటుంబాల పెళ్లిళ్లలోనే అది ఉండాలి.

ఏది ఎంచుకున్నా చట్టం గురించి బెంగ అక్కర్లేదు. టెక్సస్‌లో కౌంటీ క్లర్కు ఇచ్చే లైసెన్సు ముఖ్యం. తీసుకున్నాక మామూలుగా 72 గంటలు ఆగాలి, 90 రోజుల్లోపు పెళ్లి జరగాలి. పెళ్లి చేయించినాయన సంతకం పెట్టి తిరిగి పంపాలి. ఏ తంతు చేశారని అక్కడ ఎవరూ అడగరు. అదే ఇండియాలో ఇద్దరూ హిందువులైతే 1955 హిందూ వివాహ చట్టం ఏడో సెక్షన్లో సప్తపది మాట ఉంది. ఆ ఆచారం ఉన్నచోట ఏడో అడుగుతో పెళ్లి పూర్తయినట్టు. పెళ్లికొడుకు క్రైస్తవుడు కాబట్టి ఇండియాలో, చర్చి పెళ్లి కాకుండా చేస్తే, ప్రత్యేక వివాహ చట్టం కింద వెళ్లాలి, ముప్ఫై రోజుల నోటీసు ఉంటుంది. టిక్కెట్లు కొనేముందే అది చూసుకోండి.

ఇక మీరు చేయాల్సినవి. ఈ వారంలోనే మీ వియ్యపురాలికి ఫోన్ చేయండి. “ఏ తంతు కావాలి?” అని అడగకండి, “మీ పెళ్లిలో మీకు బాగా గుర్తున్నది ఏమిటి?” అని అడగండి. రోలు ఇండియా నుంచి మోసుకురావక్కర్లేదు, అక్కడి ఇండియన్ దుకాణాల్లో దొరుకుతుంది. బెల్లం మాత్రం ముదురు రంగుది, మెత్తనిది తీసుకోండి, గట్టి అచ్చు త్వరగా నలగదు. పెళ్లికి ముందు ఒకసారి ఇద్దరూ కలిసి నూరి చూసుకుంటే పాకం తెలుస్తుంది. తలంబ్రాల బియ్యం ఎత్తడానికి హాలువాళ్లు విడిగా డబ్బు అడుగుతారు, పసుపు మరక తివాచీకి అంటితే ఇంకా ఎక్కువ. ఆ సంగతి సంతకానికి ముందే తేల్చుకోండి.