ఎల్క్ వేటకు వెళ్లే మేనల్లుడికి

చిరంజీవి రవికి మీ మామయ్య ఆశీర్వదించి వ్రాయునది.

కొలరాడో రాష్ట్రంలో రైఫిల్‌తో వేటాడే రెండవ సీజనుకు మ్యూల్ డీర్ (పెద్ద చెవుల జింక), ఎల్క్ (చాలా పెద్ద జింక జాతి) రెండింటికీ నీకు లైసెన్సులు వచ్చాయని తెలిసి చాలా సంతోషించాను. ఏ రైఫిల్ కొనాలో, ఏ క్యాలిబర్, అంటే ఎంత లావు బుల్లెట్ కాల్చేది, తీసుకోవాలో చెప్పమన్నావు. అంతకంటే ముందు చూసుకోవలసినది ఒకటి ఉంది. నీవు ఇంకా హెచ్-1బి వీసా మీదే ఉన్నావు. అలాంటి వీసాలపై ఉన్నవారు తుపాకి దగ్గర ఉంచుకోవడాన్ని అమెరికా ఫెడరల్ చట్టం సాధారణంగా నిషేధిస్తుంది. చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు చేతిలో ఉంటే ఆ నిషేధం నుండి మినహాయింపు లభిస్తుంది. ఆ లైసెన్సు గడువు తీరిపోయాక కూడా రైఫిల్ ఇంట్లోనే ఉంటే చిక్కుల్లో పడతావు. కాబట్టి దుకాణానికి వెళ్లేలోపు ఇమ్మిగ్రేషన్ న్యాయవాదితో తప్పక మాట్లాడు.

ఇక క్యాలిబర్ సంగతి. మ్యూల్ డీర్ పోతు 200 పౌండ్లకు అటూ ఇటూగా తూగితే, ఎదిగిన ఎల్క్ పోతు 700 పౌండ్ల వరకు ఉంటుంది. కొలరాడో నిబంధనల ప్రకారం ఈ రెండింటికీ రైఫిల్ క్యాలిబర్ కనీసం 0.24 అంగుళాలు ఉండాలి. తగిలాక విచ్చుకునే బుల్లెట్ (తూటాలో గొట్టం నుండి దూసుకుపోయే ముక్క) వాడాలి, దాని బరువు డీర్‌కు 70 గ్రెయిన్లకు (గ్రాముకు సుమారు 15 గ్రెయిన్లు), ఎల్క్‌కు 85 గ్రెయిన్లకు తగ్గకూడదు, 100 గజాల దూరంలో దానికి 1000 ఫుట్-పౌండ్ల శక్తి మిగిలి ఉండాలి. ఈ లెక్కన 0.243 అంగుళాల 243 వించెస్టర్ అనే చిన్న తూటా కూడా ఎల్క్‌కు చెల్లుతుంది. అయితే అనుభవం లేని చేతిలో దానితో ఎల్క్‌ను కొట్టడాన్ని నేను ఒప్పుకోను, ఎందుకంటే బుల్లెట్ కాస్త ముందుకు జరిగి భుజం ఎముకకు తగిలిందంటే ఆ చిన్న బుల్లెట్ ఊపిరితిత్తుల దాకా చేరుతుందన్న భరోసా తక్కువ.

అలాగని పెద్దది కొంటే చాలునని కూడా అనుకోకు. నేను మొదటి ఏడాది దుకాణంలో ఎవరో చెప్పిన మాట విని 300 వించెస్టర్ మాగ్నమ్ అనే శక్తిమంతమైన తూటా కాల్చే రైఫిల్ కొన్నాను. అది భుజాన్ని ఎంత గట్టిగా తన్నేదంటే, పది తూటాలు కాల్చేసరికి పదకొండవదానికి నా కళ్లు వాటంతట అవే మూసుకునేవి. ఆ అక్టోబరులో కొలరాడోలోని గన్నిసన్ ఊరికి పైన ఉన్న అడవిలో 150 గజాల లోపే నిలబడిన ఆడ ఎల్క్‌ను కాల్చాను. అది కూలలేదు. రాలిన ఆస్పెన్ ఆకుల మీద చుక్క చుక్కగా పడిన నెత్తురు వెంబడి చీకటి పడేదాకా నడిచాను, మరునాడు పొద్దున్నే మళ్లీ వెళ్లి వెదికాను. అది దొరకలేదు. ఆ ఆకులు ఇప్పటికీ నా కళ్ల ముందే ఉన్నాయి. తరువాత ఒక మిత్రుడు నన్ను కాల్పులు సాధన చేసే రేంజికి తీసుకువెళ్లి, నాకు తెలియకుండా తూటాల మధ్య ఒక ఉత్తుత్తి తూటా పెట్టాడు. ట్రిగ్గర్ నొక్కగానే, పేలుడే లేకపోయినా, గొట్టం మూతి జానెడు కిందికి వాలింది. దెబ్బకు భయపడి ముందే జంకడమే నా లోపమని అప్పుడు అర్థమైంది.

అందుచేత, రవీ, నీవు జంకకుండా కాల్చగలిగే క్యాలిబరే నీకు సరైన క్యాలిబర్. రెండు జంతువులకూ ఒకే రైఫిల్ అనుకుంటే నేను 270 వించెస్టర్ వైపే మొగ్గుతాను. 1925లో వచ్చిన ఆ తూటా ఇన్నేళ్లుగా ఈ కొండల్లో పనిచేస్తూనే ఉంది. అది భుజానికి కొట్టే దెబ్బ 30-06 అనే మరో తూటా కంటే కొంత తక్కువ, తూటాలు చిన్న ఊళ్లలో కూడా దొరుకుతాయి. 308 వించెస్టర్ తీసుకున్నా నాకు అభ్యంతరం లేదు, సాధన తూటాలు దానికి చవక. 2007లో వచ్చిన 6.5 క్రీడ్‌మూర్ భుజానికి ఎంతో హాయిగా ఉంటుంది, కాని దానితో ఎల్క్‌ను కాల్చాలంటే 250 గజాలు దాటవద్దని చెబుతాను.

క్యాలిబర్ మీద జరిగే చర్చలో సగమైనా బుల్లెట్ మీద జరగాలని నా అభిప్రాయం. పలుచని తొడుగున్న మామూలు సీసపు బుల్లెట్ డీర్‌కు సరిపోయినా, ఎల్క్ ఎముకకు తగిలితే ముక్కలైపోయి పైపైనే ఆగిపోవచ్చు. సీసాన్ని తొడుగుకు గట్టిగా అతికించిన బాండెడ్ బుల్లెట్, నోస్లర్ కంపెనీ 1948లో తెచ్చిన, లోపల అడ్డుగోడ ఉన్న పార్టిషన్ బుల్లెట్, పూర్తిగా రాగితో చేసిన బుల్లెట్, ఈ మూడూ బరువు మరీ ఎక్కువ పోగొట్టుకోకుండా లోతుగా వెళతాయి. రాగి బుల్లెట్‌తో మాంసంలో సీసపు రజను ఉండదు కనుక, ఇంట్లో చిన్నపిల్లలున్న నీకు అదే మంచిది. డీర్‌కూ ఎల్క్‌కూ అదే తూటా వాడు. రెండు రకాలు పెట్టుకుంటే గురి మారిపోతుంది.

రైఫిల్ బోల్ట్ యాక్షన్‌ది (చేత్తో పిడి లాగి ఒక్కో తూటా ఎక్కించేది) తీసుకో, స్కోప్‌తో (గురి చూసే దుర్భిణితో) కలిపి 8 పౌండ్లకు దగ్గరగా ఉండనివ్వు. మరీ తేలికైనది కొండ ఎక్కేటప్పుడు సుఖంగానే ఉంటుంది, కాల్చినప్పుడు మాత్రం గట్టిగా తన్నుతుంది. దుకాణంలో వేట కోటు తొడుక్కుని, రైఫిల్ ఖాళీగా ఉందని నీవే తెరిచి చూసుకుని, కళ్లు మూసుకుని భుజానికి ఎత్తి, ఆ తరువాత కళ్లు తెరు. స్కోప్‌లో నల్లని నీడ లేకుండా పూర్తి వలయం కనిపిస్తే రైఫిల్‌లో భుజానికి ఆనించే ఆ కర్ర నీకు సరిపోయినట్లే. మెడ చాచి వెతుక్కోవలసి వస్తే, ఎంత పేరున్న కంపెనీదైనా, పక్కన పెట్టేయి. స్కోప్ 3-9, అంటే 3 నుండి 9 రెట్లు పెద్దదిగా చూపేది, చాలు.

200 గజాలకు గురి సరిచేస్తే, 270 బుల్లెట్ 100 గజాల వద్ద సుమారు 2 అంగుళాలు పైన, 300 వద్ద 7, 8 అంగుళాలు కింద తగులుతుంది. బల్ల మీద గురి కుదిరాక కూర్చుని, మోకాలి మీద, వీపు సంచి మీద ఆనించి కాల్చి చూడు. తొమ్మిది అంగుళాల కాగితపు పళ్లెంలో ఐదుకు ఐదూ ఎంత దూరం నుండి పడతాయో అంతే నీ హద్దు. అది 180 గజాలైతే, 200 గజాల దూరాన ఎంత గొప్ప కొమ్ముల ఎల్క్ నిలబడినా ట్రిగ్గర్ మీద వేలు వేయకు.

ఆగస్టులో ఒక శనివారం మా ఇంటికి రా, రేంజికి వెళదాం. నా 270, మా పక్కింటాయన 308 రెండూ తీసుకువస్తాం, ఒక్కోదానితో ఇరవై తూటాలు కాల్చి చూశాకే డబ్బు ఖర్చుపెట్టు. చెవులకు పెట్టుకునేవి నా దగ్గర ఉన్నాయి. నీ లైసెన్సూ, ఎంత ఎండగా ఉన్నా సరే, ఆ వేట కోటూ మరచిపోకుండా తీసుకురా.

శుభాశీస్సులతో,
మీ మామయ్య