గొళ్లెం చప్పుడు విని పెరిగిన చెవి

ప్రశ్న: నాకు 36 ఏళ్లు. వయొలిన్ వాయిస్తాను. చిన్నప్పుడు నాన్న తాగి వచ్చి అమ్మనూ నన్నూ కొట్టేవారు. గేటు గొళ్లెం చప్పుడును బట్టే ఆ రాత్రి ఎలా గడుస్తుందో నాకు తెలిసిపోయేది. పన్నెండో ఏట ఆయన పోయినట్లు కల వచ్చింది. వారం తిరగకుండానే ప్రమాదంలో పోయారు. జరగబోయేది నాకు ముందే తెలుస్తుందని అప్పటినుంచి నా నమ్మకం. ఎదుటివారి మనసులో మాట కూడా తెలుస్తుంది. గత నెల కీడు శంకించి ఒక కచేరీ మానుకున్నాను. నా భార్య విసిగిపోయింది. ఇది శక్తా? పిచ్చా?

జవాబు: మీరు రాసినంతలో నాకు రెండూ కనబడలేదు. మీ ఉత్తరంలో నేను ఆగిపోయింది గొళ్లెం దగ్గర. విసురుగా తీశారా, తడుముకుంటూ తీశారా అన్నది అరక్షణంలో పసిగట్టకపోతే దెబ్బలు తప్పని ఇల్లు అది. అలాంటి ఇంట్లో పిల్లల చెవి నిద్రలోనూ కాపలా కాస్తుంది. దానికి తోడు ఇన్నేళ్ల సాధన. శ్రుతి వెంట్రుకవాసి జారినా పట్టేసే చెవి మీది. ఎదుటివారి గొంతులో తేడా వారికంటే ముందు మీకు వినిపించడంలో వింతేముంది?

జర్మనీలో హాన్స్ అనే గుర్రం లెక్కలు చేస్తుందని జనం విరగబడి చూసేవారు. జవాబు ఎంతో అన్నిసార్లు గిట్టతో నేలను తట్టేది. ఆస్కార్ ఫుంగ్‌స్ట్ అనే మనస్తత్వ పరిశోధకుడు దాన్ని పరీక్షించి, ఆ వివరాలు 1907లో ప్రచురించాడు. అడిగేవారికే జవాబు తెలియకపోతే గుర్రమూ తప్పేది. సరైన అంకె రాగానే అడిగినవారి తల వారికే తెలియకుండా కాస్త కదిలేది. అది చూసి గుర్రం ఆగేది. లెక్కలు రావు, మోసమూ లేదు. గుర్రంతో పోల్చానని కోప్పడకండి, హాన్స్ అంటే నాకు గౌరవం.

అయితే ఎదుట ఉన్న మనిషిని చదవడం వేరు, రేపటిని చదవడం వేరు. ఆ ఇంట్లో ఆ వయసులో తండ్రి పోయినట్లు మీకు ఒక్కసారే కల వచ్చిందా? నిజమైన కల ఒక్కటే గుర్తుండిపోతుంది. ఇన్నేళ్లుగా దాన్ని వదలలేకపోవడానికి ఇంకో కారణం ఉందేమో. ‘నేను కోరుకున్నందుకే పోయారా’ అన్న ప్రశ్న. మీరు రాయలేదు, ఇది నా ఊహ. తప్పయితే పక్కన పెట్టండి. నిజమే అయితే ఒక్క మాట: ఈ పీడ వదిలితే బాగుండునని అలాంటి ఇళ్లలో చాలామంది పిల్లలు అనుకుంటారు. తలపు వల్ల ఎవరూ చనిపోరు.

ఈ భారం ఒంటరిగా దించుకునేది కాదు. చిన్ననాటి గాయాలపై పనిచేసే క్లినికల్ సైకాలజిస్టును కలవండి. మనుషులు లేకుండా గొంతులు వినిపించినా, అవి ఏదైనా చేయమని ఆజ్ఞాపించినా, వరుసగా రాత్రులు నిద్ర లేకపోయినా ఆలస్యం చేయకుండా మానసిక వైద్యుడి దగ్గరికి వెళ్లండి.

మీ భార్యకు గొళ్లెం సంగతి ఎప్పుడైనా చెప్పారా? ‘నీ మనసులో ఏముందో నాకు తెలుసు’ అనే భర్తతో కాపురం కష్టం. తెలిసినా అడగండి, ఆమె చెప్పిందే జవాబుగా తీసుకోండి.

ఒక చిన్న నోటుపుస్తకం పెట్టుకోండి. కీడు తోచగానే ఏం జరుగుతుందనిపించిందో తేదీ వేసి రాయండి, కానీ కచేరీ మానకండి. నెల తర్వాత తప్పినవి కూడా లెక్కపెట్టండి; ‘మరోలా నిజమైంది’ అని సర్దుకోవద్దు. గత నెల మీరు వెళ్లని ఆ కచేరీలో చివరికి ఏం జరిగిందో ఉత్తరంలో ఎక్కడా లేదు. మొదటి పేజీలో అది రాయండి.