మెదడును బట్టి పనిచేసే చెవి మిషన్లు దొరుకుతాయా?

"నాన్నకు చెవి మిషన్ ఉంది. ఇంట్లో బాగానే వింటారు, పెళ్లిళ్లలో మాత్రం అంతా గోలే అంటారు. మెదడును బట్టి పనిచేసే మిషన్లు కర్నూలులో దొరుకుతాయా?" అని ఒకరు అడిగారు.

కర్నూలులోనే కాదు, మామూలుగా కొనుక్కునేలా ఇంకా ఎక్కడా రాలేదు. వినేవారి మెదడు ఏ గొంతుపై శ్రద్ధ పెట్టిందో పసిగట్టి దాన్నే పెంచే ఈ మిషన్లు పరిశోధన దశలోనే ఉన్నాయి.

ఇప్పటి మంచి మిషన్లు గోలను కొంత తగ్గిస్తాయి, ఎదురుగా ఉన్నవారి మాటను పెంచుతాయి. కానీ కల్యాణమండపంలో మీ నాన్న ఎదుట ఉన్న బావమరిది మాట వింటున్నారో, వెనకనున్న చెల్లెలి మాట వింటున్నారో మిషన్‌కెలా తెలుస్తుంది? అది తెలిసేది ఆయన మెదడుకే. ఇద్దరు ఒకేసారి మాట్లాడినా, మనం శ్రద్ధ పెట్టిన గొంతునే మెదడులోని వినికిడి భాగం ఎక్కువగా అనుసరిస్తుందని మెస్గరానీ, చాంగ్ అనే శాస్త్రవేత్తలు 2012లో చూపించారు. కాబట్టి మెదడును బట్టి పనిచేసే మిషన్ ముందు గొంతులను విడదీయాలి, మెదడు సంకేతాలతో ఏది సరిపోలుతుందో చూసి దాన్నే పెంచాలి.

విడదీసే పని ఏఐతో చాలావరకు సాధ్యమైంది. చిక్కంతా సంకేతాలు పట్టడంలోనే. స్పష్టమైన ఫలితాలు వచ్చింది మూర్ఛ చికిత్స కోసం మెదడులో ఎలక్ట్రోడ్లు (విద్యుత్ సంకేతాలు పట్టే చిన్న పరికరాలు) పెట్టినవారిలో. చెవి మిషన్ కోసం ఎవరూ పుర్రె తెరిపించుకోరు కదా! తలపై నుంచి తీసే ఈఈజీ సంకేతం బలహీనం, తేల్చుకోవడానికి చాలా సెకన్లు పడుతుంది. ఈలోపు చెల్లెలు మాట ముగించి భోజనాలకు లేచిపోతుంది.

వాటికోసం ఆగకండి. మాట్లాడేవారి చొక్కాకు తగిలించే వైర్‌లెస్ మైకు మీ నాన్న మిషన్‌కు కలుస్తుందేమో ఆడియాలజిస్టును (వినికిడి నిపుణుణ్ణి) అడగండి. పెళ్లిళ్లలో ఇప్పటికి అదే ఎక్కువ ఉపయోగం.