గండుపిల్లి చుక్కలు చుక్కలుగా పోస్తుంటే

ప్రశ్న: మా నాలుగేళ్ల గండుపిల్లి నిన్నటి నుంచి మాటిమాటికీ కూర్చుని ముక్కుతోంది. రెండు మూడు ఎర్రటి చుక్కలే పడుతున్నాయి. ధాన్యం బస్తాల మీద కూడా పోసింది. మనం వేసుకునే యాంటీబయాటిక్ మాత్ర వేయవచ్చా?
– ఒక రైతు, రాజోలు

జవాబు: వేయకండి. ముందు అది కూర్చున్న చోట తడి ఉందో లేదో చూడండి. ముక్కుతున్నా చుక్క కూడా పడకపోతే మూత్రనాళం మూసుకుపోయినట్టే. మగపిల్లికి ఆ నాళం బాగా సన్నం. లోపల నిలిచిన మూత్రంతో రక్తంలో పొటాషియం పెరిగి, ఒకటి రెండు రోజుల్లోనే గుండె ఆగిపోవచ్చు. పొట్ట నొక్కి చూడొద్దు, తెల్లారేదాకా ఆగొద్దు. గొట్టం వేసి మూత్రం తీయగల పశువైద్యులెవరో ఫోన్‌లో కనుక్కుని బయల్దేరండి.

చుక్కలు పడుతుంటే మూత్రాశయం వాపు కావచ్చు. అప్పుడు కూడా ఆ రోజే చూపించండి, వాపు నుంచే నాళం మూసుకోవచ్చు. పదేళ్లలోపు పిల్లుల్లో దీనికి సూక్ష్మజీవులు కారణమయ్యేది అరుదు. చాలావాటిలో పరీక్షలు చేసినా ఫలానా కారణమని తేలదు. బెదురు, ఒత్తిడి దీన్ని రేపుతాయి. మాసూళ్ల రోజుల్లో ఇంటినిండా కొత్త మనుషులు, ట్రాక్టర్ల రొద, లేదా కొత్తగా తెచ్చిన కుక్కపిల్ల చాలు. తరచుగా వారంలో దానంతటదే తగ్గుతుంది. అందుకే ఏ మందు వేసినా పనిచేసినట్టే అనిపిస్తుంది! నొప్పికి మందు డాక్టరే ఇవ్వాలి. పారాసిటమాల్ ఒక్క మాత్రతో పిల్లి చచ్చిపోవచ్చు.

ఇంకో సంగతి. చేలగట్ల మీద ఈమధ్య బ్రోమాడయోలోన్ ఎర పెట్టారా? ఆ మందు తిన్న ఎలుకను పిల్లి తింటే దాని రక్తం గడ్డకట్టదు, మూత్రంలోనూ రక్తం పడవచ్చు. చిగుళ్లు పాలిపోయి ఆయాసపడుతుంటే ఇదేమోనని అనుమానించాలి. దీనికి విరుగుడు విటమిన్ కె1 ఉంది కాబట్టి ఎర సంగతి డాక్టరుకు తప్పక చెప్పండి.

ఇక తిండి. ఎండుచేపలు మాన్పించి, ఉప్పు, ఉల్లి వేయకుండా ఉడికించిన చేపను ముళ్లు తీసి ఆ నీళ్లతోనే పెట్టండి. ఒంట్లోకి నీరు ఎంత పోతే మూత్రం అంత పలచనవుతుంది. మిగిలిన చేపల పులుసు పోయొద్దు, ఉల్లి పిల్లికి విషమే. వెడల్పు గిన్నెల్లో రెండు మూడు చోట్ల నీళ్లు ఉంచండి. వానలకు పెరడంతా నీళ్లు నిలిస్తే పిల్లికి పొడి చోటు దొరక్క మూత్రం బిగబట్టుకుంటుంది. వసారాలో, జనం తిరగని మూల, ఒక తొట్టెలో ఇసుక పోసి పెట్టండి. బస్తాల మీద పోసిందని కొట్టకండి, ఆ భయానికి జబ్బు ఇంకా ముదురుతుంది. మళ్లీ మళ్లీ వస్తుంటే రాళ్లున్నాయేమో స్కానింగ్ తీయించండి.