శూన్యంలోంచి విశ్వం: సార్ కరెక్టా, తాతయ్య కరెక్టా?

ప్రశ్న: మాస్టారూ, విశ్వం శూన్యం నుంచి పుట్టిందని మా ఫిజిక్స్ సార్ క్లాసులో చెప్పారు. ఇంటికొచ్చి ఆ మాటంటే తాతయ్య ‘ఇదంతా మన వేదంలో ఎప్పుడో ఉందిలే’ అనేశారు. ఎవరి మాట నమ్మను?
– ఒక బీఎస్సీ విద్యార్థిని, తెనాలి

జవాబు: వేదంలో ఉందన్నప్పుడు ‘ఎక్కడ, ఏమని?’ అని అడగాల్సింది తల్లీ. అక్కడున్నది ఒక్క మాట కాదు, పెద్ద వాదన. తైత్తిరీయోపనిషత్తు ‘అసద్వా ఇదమగ్ర ఆసీత్’ అంటుంది. మొదట ఉన్నది అసత్తు (లేనిది), దాన్నుంచే సత్తు (ఉన్నది) పుట్టిందని. ఛాందోగ్యోపనిషత్తులో ఉద్దాలకుడనే ఋషి తన కొడుకు శ్వేతకేతుకి ఇదే వాదం వినిపించి, ‘కొందరిలా అంటారు గానీ అదెలా కుదురుతుంది నాయనా, లేనిదాంట్లోంచి ఉన్నది ఎలా పుడుతుంది?’ అని తిప్పికొడతాడు. శంకరాచార్యులు ఈ రెంటికీ రాజీ కుదిర్చారు. తైత్తిరీయం చెప్పే అసత్తు బొత్తిగా ఏమీ లేకపోవడం కాదు, నామరూపాలు ఇంకా విడివడని బ్రహ్మమేనని భాష్యం రాశారు. నాకు మాత్రం ఆ రాజీ కన్నా ఉద్దాలకుడి ప్రశ్నే గట్టిగా కనిపిస్తుంది.

ఇక మీ సార్ సంగతి. నేనూ ఫిజిక్స్ చెప్పుకుని బతికినవాణ్ణే. ‘శూన్యం నుంచి’ అనగానే వెనక బెంచీలు కూడా తలెత్తుతాయి, ఆ రుచి నాకు తెలుసు. ఆయన గాలి కబుర్లేమీ చెప్పలేదు. 1973లో ఎడ్వర్డ్ ట్రయన్ అనే అమెరికన్ శాస్త్రవేత్త ‘నేచర్’ పత్రికలో ఓ చిన్న వ్యాసం రాశాడు. పదార్థపు శక్తి ప్లస్, గురుత్వ శక్తి మైనస్, రెండూ కొట్టేసుకుంటే విశ్వం మొత్తం శక్తి సున్నా కావచ్చు. అలాంటప్పుడు క్వాంటమ్ శూన్యంలో, అంటే పదార్థమంతా తీసేసినా శక్తి అలజడి మిగిలే చోట, రేగిన ఒక ఒడుదొడుకే విశ్వమై ఉండొచ్చన్నాడు. ఇలాంటివి అప్పుడప్పుడూ జరుగుతుంటాయని తాపీగా చెప్పాడు కూడా!

యాభై లక్షలు అప్పు చేసి యాభై లక్షల ఇల్లు కొన్నవాడి నికర ఆస్తి సున్నా. అయినా ఇల్లు నిలబడే ఉంటుంది, గృహప్రవేశం భోజనాలూ జరుగుతాయి. ట్రయన్ లెక్క ఇదే. మరి అప్పిచ్చిన బ్యాంకు ఎక్కడిది? ఆయన లెక్కలో ఆ బ్యాంకు క్వాంటమ్ శూన్యం. అదేమో ఖాళీ కాదు. గాలి తీసేసిన చోట రెండు లోహపు పలకలను అతి దగ్గరగా పెడితే ఒకదాన్నొకటి లాక్కుంటాయని 1948లో కాసిమిర్ అనే డచ్ శాస్త్రవేత్త చెప్పాడు. ఆ బలాన్ని తర్వాత ప్రయోగాల్లో కొలిచారు. ‘ఏమీ లేనిది’ పలకలను లాగుతుందా?

1982లో అలెగ్జాండర్ విలెంకిన్ అనే భౌతిక శాస్త్రవేత్త ఆ బ్యాంకునీ తీసేశాడు. స్థలం, కాలం కూడా లేని స్థితి నుంచి విశ్వం పుట్టుకొచ్చేలా లెక్క కట్టాడు. అయితే ఆ లెక్క నడవాలంటే క్వాంటమ్ నియమాలు ఉండాలి. విశ్వమే లేనప్పుడు నియమాలు ఎక్కడున్నట్టు, దేని మీద పనిచేసినట్టు? మళ్లీ ఉద్దాలకుడి దగ్గరికే వచ్చాం.



కాబట్టి సార్‌ని ఆ నియమాల సంగతి అడుగు, మంచి సార్ అయితే సంతోషిస్తారు. తాతయ్యగారితో కూర్చుని ఋగ్వేదం పదో మండలంలో 129వ సూక్తం అర్థంతో సహా చదువు. ఏడు మంత్రాలే. అప్పుడు సత్తూ లేదు, అసత్తూ లేదని మొదలవుతుంది. ఈ సృష్టి ఎలా వచ్చిందో పైనుంచి చూసేవాడికి తెలుసు, లేదా ఆయనకీ తెలియదేమో అని ముగుస్తుంది. ఆ ఆఖరి మంత్రానికి తాతయ్యగారు ఏమన్నారో నాకు రాయి.