పాఠకుల ప్రశ్నలు – జవాబులు: టవర్ స్పీకర్లు జరిపేటప్పుడు

ప్రశ్న: మా టవర్ స్పీకర్లు ఒక్కొక్కటి 38 కిలోలు, 110 సెం.మీ. ఎత్తు. కింద స్పైకులు, అంటే మొనదేలిన లోహపు కాళ్లు ఉన్నాయి. నేల మార్బుల్. పక్క గదిలోకి మార్చాలి. ఒక్కరే జరపొచ్చా?

జవాబు: ఒక్కరే పూనుకోవద్దు. 38 కిలోలు ఎత్తగలిగేవాళ్లు చాలామందే ఉంటారు. కానీ ఈ పెట్టె సన్నగా, ఎత్తుగా ఉంటుంది. బేస్ పలికించే పెద్ద భాగాలైన వూఫర్ల అయస్కాంతాల వల్ల బరువు ముందువైపుకే మొగ్గుతుంది. ఒకసారి ముందుకు ఒరిగిందంటే ఒక్క మనిషి చేతికి ఆగదు.

మొదట యాంప్లిఫయర్ ఆపి, ప్లగ్గు తీసి, వైర్లు విప్పండి. వైరు ఉండగానే జరిపితే వెనక టెర్మినల్ (వైరు బిగించే చోటు) విరగొచ్చు. ఊడిన కొసలు ఒకదానికొకటి తగిలితే షార్టయి యాంప్లిఫయరే పోవచ్చు. ముందువైపు మూసి ఉండే గ్రిల్ మాత్రం తీయకండి. సన్నని స్వరాలు పలికించే ట్వీటరు లోహపు డోముకి వేలు తగిలినా సొట్టపడుతుంది, అది మళ్లీ మునుపటిలా కావడం కష్టం.

తర్వాత స్పైకులు తీసేయాలి, ఇందులో బద్ధకించొద్దు. 38 కిలోలూ నాలుగు మొనల మీద పడితే ఒక్కో మొన మీద తొమ్మిదిన్నర కిలోలు. ఆ మొన వెడల్పు ఒకటి రెండు మిల్లీమీటర్లే. అలాగే తోస్తే మార్బుల్ మీద గీత పడుతుంది, స్పైకు బిగించిన చోట చెక్క కూడా చీలొచ్చు. స్పీకరును ఒరగబెట్టి పట్టుకుని, కింద చెయ్యి పెట్టి విప్పడం చాలామంది చేసే పని. జారితే వేళ్లు నలిగిపోతాయి. ఇద్దరు పట్టుకుని, మందంగా మడిచిన దుప్పటి మీద పక్కకు పడుకోబెట్టి, స్పానరుతో నట్టు వదులు చేసి విప్పండి. వెల్లకిలా పెడితే బరువు వెనక టెర్మినళ్ల మీద పడుతుంది, కాబట్టి పక్కకే.

ఇప్పుడు దుప్పటి మీదే నిలబెట్టండి. ఒకరు వంగి దుప్పటి అంచు పట్టుకుని మెల్లగా లాగాలి, రెండోవారు పెట్టెను రెండు చేతులతో నిలకడగా పట్టుకుని వెంట నడవాలి. లోతు ఎక్కువున్న వైపుగా, అంటే ముందుకో వెనక్కో లాగండి, అడ్డంగా కాదు. 25 సెం.మీ. వెడల్పు ఆనిక మీద కంటే 35 సెం.మీ. లోతు మీద పెట్టె బాగా నిలుస్తుంది. తోయాల్సివస్తే నేల నుంచి 40 సెం.మీ. లోపే చెయ్యి ఆనించండి. పైన తోస్తే, కింద గాడిలో తట్టుకున్న క్షణంలోనే బోర్లాపడుతుంది. గడప దగ్గర లాగడం ఆపి, ఇద్దరూ అడుగున పట్టుకుని ఎత్తి దాటించండి. పట్టు కోసం వెనక పోర్టు (గాలి బయటకొచ్చే గుండ్రటి రంధ్రం)లో వేళ్లు పెట్టొద్దు.

ప్రశ్న: కొత్త స్పీకరు అట్టపెట్టెలోంచి పైకి లాగుతుంటే రావడం లేదు.

జవాబు: లాగొద్దు. కొన్ని పెట్టెల మీద బొమ్మల్లో సూచనలు ఉంటాయి, ముందు అవి చూడండి. సాధారణ పద్ధతి ఇది: పై రెక్కలు తెరిచి వెనక్కి మడిచి, ఇద్దరు కలిసి పెట్టెను తలకిందులు చేయాలి. తర్వాత అట్టపెట్టెను మాత్రం పైకి ఎత్తేయాలి. స్పీకరు ఫోము మీద తలకిందులుగా నిలుస్తుంది, అడుగు పైకి వస్తుంది. అడుగుపీట బిగించాలంటే ఇదే సమయం.

ప్రశ్న: గోడకు 20 సెం.మీ. దూరంలో పెట్టాం. బేస్ మరీ ఎక్కువగా మోగిపోతోంది. ఎక్కడ పెట్టాలి?

జవాబు: గోడ దగ్గరైతే బేస్ బలపడుతుంది, మూల దగ్గరైతే ఇంకా ఎక్కువ. గోడకు 50–60 సెం.మీ. దూరం ఉండేలా ముందుకు తెచ్చి వినండి. వూఫరు నుంచి గోడకు ఉన్న దూరానికి నాలుగు రెట్లు అలపొడవు (తరంగదైర్ఘ్యం) ఉన్న స్వరం, గోడను తాకి తిరిగొచ్చి అసలుదాన్ని చాలావరకు రద్దు చేస్తుంది. దూరం ఒక మీటరైతే అది సుమారు 86 హెర్ట్జ్ దగ్గర, 60 సెం.మీ. అయితే 143 దగ్గర. అందుకే వెనక గోడకూ పక్క గోడకూ దూరం ఒకటే ఉండనివ్వొద్దు. ఒకటే అయితే రెండు లోపాలూ ఒకే స్వరం మీద పడతాయి.

స్పీకర్ల మధ్య 2 నుంచి 2.5 మీటర్లు, కూర్చునే చోటు కూడా అంతే దూరంలో ఉంచి మొదలుపెట్టండి. ఒకే పాట, ఒకే వాల్యూము. ఒకసారికి 5 సెం.మీ. చొప్పున జరుపుతూ, ప్రతి చోటా మాస్కింగ్ టేపుతో గుర్తు పెట్టండి. గాయని గొంతు రెండింటికీ నడుమ నుంచి వస్తుంటే దారిలో ఉన్నట్టే. ఈ పరీక్షలన్నీ ఫెల్ట్ ప్యాడ్ల మీదే చేయండి. చోటు తేలిందాకా స్పైకుల జోలికి పోవద్దు. స్పైకులు బిగిస్తే ఎత్తు రెండు మూడు సెం.మీ. పెరుగుతుంది, ట్వీటరు మీ చెవి ఎత్తుకే వచ్చిందో లేదో అప్పుడు చూసుకోండి. మార్బుల్ మీదైతే కింద లోహపు బిళ్లలు పెట్టండి. రసమట్టం పెట్టి సరిచేసి, పైభాగాన ఎదురు మూలలు నొక్కి చూడండి. ఊగకపోతేనే నట్లు బిగించండి.

ప్రశ్న: ఇంట్లో రెండేళ్ల పాప ఉంది.

జవాబు: అయితే స్పైకులు, బిళ్లలు మానేయండి. పక్కనుంచి తోస్తే మొన బిళ్ల మీంచి జారుతుంది. రబ్బరు పాదాలు వేసి, కంపెనీ ఇచ్చే వెడల్పాటి అడుగుపీట ఉంటే బిగించండి. వైరును అడుగున కట్టి గోడ వెంట నడిపించండి, పాప పట్టుకుని లాగేలా వేలాడనివ్వొద్దు. స్పీకరు పైన బొమ్మలు, పూలకుండీ పెట్టకండి. వాటికోసం పాప పెట్టెను పట్టుకుని ఎక్కబోతుంది.