నాలుగు గుండ్లు

చిరంజీవికి ఆశీస్సులు.

చరిత్ర మరోలా జరిగుంటే అని నువ్వు రాసిన నవల రాతప్రతి రెండుసార్లు చదివాను. కెనడాలో ఫ్రెంచి స్థావరం కట్టిన షాంప్లేన్ తుపాకి పేల్చకుండా దించేసి, మొహాక్‌ల పొడుగాటి ఇంట్లో ఒక్క ఉపన్యాసం ఇవ్వగానే, వాళ్లతో సహా ఉత్తర అమెరికా ఆదివాసుల ఇరోక్వా కూటమిలోని ఐదు జాతులూ ఫ్రాన్సు పక్షం చేరిపోయాయన్నావు. అక్కడ నాకు ఒళ్లు మండింది. వాళ్లంత తేరగా దొరికారా? పెద్దను ఎంచేదీ, దారి తప్పితే దించేదీ ఆడవాళ్లే అక్కడ. నీ కథలోని కొలువులో ఒక్క ఆడమనిషి లేదు.

నిజంగా జరిగిందేమిటంటే, 1609 జులైలో, ఇప్పుడు తన పేరుతోనే ఉన్న సరస్సు ఒడ్డున షాంప్లేన్ తుపాకిలో నాలుగు గుండ్లు కూరి కాల్చాడు. ఇద్దరు మొహాక్ నాయకులు అక్కడికక్కడే కూలారు. ఆయనకు వాళ్లతో ఏం పగ? ఏమీ లేదు. ఆయనకు బీవర్ అనే నీటి జంతువు తోళ్లు తెచ్చిచ్చే ఆదివాసులు హ్యూరన్లు, అల్గోంక్విన్లు మొహాక్‌ల శత్రువులు, అంతే. అంతకు ముందు చలికాలం ఆయన స్థావరం క్వెబెక్‌లో 28 మందికి 20 మంది చచ్చిపోయారు. ఆ స్థితిలో తుపాకి దించేసినవాడిని హ్యూరన్లు మళ్లీ పడవ ఎక్కించుకుంటారా? నేస్తం ఇంటికొస్తే వాడి పగ కూడా వెంట వస్తుంది. ఆ పగ ఖరీదు కట్టకుండా చరిత్రను తిప్పకు.

1757లో ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులు బొబ్బిలి మీదికి వెళ్లిందీ విజయనగరం విజయరామరాజు పగ మోసుకునే. బుస్సీ రాకపోయుంటే అని ఒకప్పుడు నేనూ నవల రాశాను. వారానికో యుద్ధం లేకపోతే పాఠకుడు నిలవడని ఒక వారపత్రిక సంపాదకుడు తిప్పి పంపాడు. ఆయన మాట విని ఫిరంగులు పెంచాను, శిస్తు బాకీల అధ్యాయం కోసేశాను. ఎవరు ఎవరితో ఎందుకు కలిశారో చెప్పింది ఆ అధ్యాయం ఒక్కటే. నవల చచ్చిపోయింది. ఆయన మీద కోపం నాకింకా పోలేదు.

ఇరోక్వాలు ఫ్రాన్సుతో నిలకడైన శాంతికి వచ్చింది 1701లో, మాంట్రియల్‌లో. అప్పుడు కూడా తటస్థంగా ఉంటామన్నారే గానీ మీ తరఫున పోరాడతామనలేదు. హ్యూరన్ పెద్ద కొండియారోంక్ జ్వరంతో కుర్చీలో కూర్చునే సభలో మాట్లాడి, ఆ రాత్రే పోయాడు. శవం దగ్గరికి వరసగా వచ్చి కన్నీళ్లు తుడిచినవాళ్లు ఆయనతో ఏళ్ల తరబడి పోరాడిన ఇరోక్వాలే. అంత దూరం నడవడానికి వాళ్లకు 92 ఏళ్లు పట్టింది. నీ కథలో ఒక పూట పట్టింది.

నీ కథలో ఆ మొహాక్ ముసలమ్మ దూలానికి వేలాడే మొక్కజొన్న జడ విప్పి అతిథికి పెట్టే చోటు మాత్రం ముట్టుకోకు. చదివి కాసేపు పుస్తకం మూసేశాను. అయితే ఆమె కొడుకు నిరుడు హ్యూరన్ల చేతిలో పోయాడనుకో. వాళ్ల పడవలో దిగిన దొరకు ఆమె ఆ మొక్కజొన్న ఎందుకు పెడుతుంది? అది రాసి పంపు.